విసుర్రాయి కింద అట్ట

నా చిన్నప్పుడు నారాయణఖేడులో బడి చదువంటే ఉర్దూ చదువే, అదీ మగపిల్లలకు. నాకు తెలుగు అక్షరాలు మా అమ్మ అలికిన నేల మీద దిద్దించింది. చదువుకోను పుస్తకం దొరికింది మాత్రం కల్హేర్ ఊరి నుంచి వచ్చే పంతులు వల్ల. వారానికోసారి జరిగే అంగడికి వచ్చి ఒక కథల పుస్తకం ఇచ్చి, పాతది తీసుకుపోయేవాడు. పుస్తకం చెడితే ఇక ఇంకోటి ఉండదని ముందే చెప్పాడు.

ఒకసారి ఆ పుస్తకాన్ని అరుగు మీద మరిచిపోతే మేక వచ్చి పై అట్ట నమిలేసింది. అంగడికి నాలుగు రోజులే ఉంది. అమ్మకు చెప్పే ధైర్యం లేక పక్కింటి అక్క దగ్గరికి పోయాను.

అక్క పుట్టిల్లు బీదరు వైపు. వాళ్ల నాయన పుస్తకాలకు జిల్దులు, అంటే గట్టి అట్టలు, కట్టేవాడు, ఆ పని ఆమెకూ వచ్చు. మొగుడు పోయాక పది ఇండ్ల జొన్నలు విసిరి బతికేది. ఎప్పుడు చూసినా ఆ ముఖంలో అలసటే. అయినా, పుట్టింటి కన్నడం కలిపి, "బేడ బిడ్డా, ఏడ్వకు. చిత్తుకాగితాలు ఏరుకరాపో" అంది.

కిరాణం దుకాణం చుట్టూ, సర్కారు కచేరి వెనకా తిరిగి ఒడి నిండా తెచ్చాను. అక్క చింతగింజల పిండి ఉడికించి, పురుగు పట్టకుండా మైలుతుత్తం కలిపి, కాగితం మీద కాగితం అతికించింది. ఒకటి నిలువు, ఒకటి అడ్డం. నీడలో బరువు కింద పెట్టమని చెప్పి తన జొన్నల ముందు కూర్చుంది. నాకు ఆగితేనా! జల్దీ ఆరుతుందని మిద్దె మీద ఎండలో పరిచాను. సాయంత్రానికి కాల్చిన అప్పడంలా వంకరపోయింది.

అక్క దాన్ని నీళ్లలో నానేసి, పొరపొరా విడదీసి, మళ్లీ అతికించింది. "పచ్చిదాన్ని ఎండకు తరుముతవా పిల్లా? బరువు కింద ఆరితెనే సక్కగుంటది" అంటూ తీసుకుపోయింది.

మర్నాడు చూడబోతే అక్క ఇంట్లో లేదు. మూలన నా అట్ట, దాని మీద ఆమె విసుర్రాయి పైరాయి. కింది రాయి ఒక్కటే బోసిగా ఉంది. వెతుక్కుంటూ పోతే ఊరి చివర ఎవరి ఇంట్లోనో విసురుతోంది. జొన్నల గంపలన్నీ అక్కడికి నెత్తిన మోసుకుపోయింది. వాళ్ల రాయి వాడుకుంటున్నందుకు ముందు వాళ్ల జొన్నలు ఊరికే విసిరి పెట్టాలట.

"ఏందక్కా, నాకు చెప్పొద్దా?" అన్నాను. నాకు ఏడుపొచ్చింది.

"చెప్తె నువ్వు రాయి తీసేస్తవు. మళ్ల వంకర పోతది" అంది, చెయ్యి ఆపకుండా.

అంగడి పొద్దున అక్క ఆ అట్టకు పాత చీరగుడ్డ అంటించి పుస్తకానికి కట్టింది. పంతులు దాన్ని వేలితో తట్టి చూసి, ఇంకో పుస్తకం నా చేతిలో పెట్టాడు. పరుగున తెచ్చి చూపిస్తే అక్క అందుకోలేకపోయింది. గంపల మోతకు భుజాలు లేవడం లేదు. "నువ్వే సదువు, నేనింట" అని తన రాయి తిప్పుతూ కూర్చుంది. రాయి చప్పుడుకు మించి గొంతెత్తి చీకటి పడేదాకా చదివాను.

తర్వాత ఎన్ని పుస్తకాలు చదివానో లెక్క లేదు. ఇప్పుడు నా భుజాలూ లేవడం లేదు. మనవరాలు అడక్కుండానే మంచినీళ్లు తెచ్చిస్తే, తాగేముందు దాని ముఖం చూస్తాను. ఏ పని ఆపుకుని వచ్చావమ్మా అని అడుగుతాను. ఆ రోజుల్లో అక్కను ఆ మాట ముందే అడగలేకపోయాను.