మోచేతి మీద ఊదారంగు గీతలు

1988 జూన్‌లో నన్ను సిద్దిపేటలోని ఒక దవాఖానలో ఫిజియోథెరపిస్టుగా నియమించారు. అంతకుముందు అక్కడ ఆ పోస్టు లేదు. ఎక్స్‌రే గది పక్కన ఒక గది, అందులో ఒక బల్ల, మైనం కరిగించే తొట్టి, భుజాల వ్యాయామానికి గోడకు బిగించిన చక్రం ఇచ్చారు. వారం తిరగకముందే దానికి ‘మాలీసు రూము’ అని పేరు పడింది. నేను మాలీసు డాక్టరునయ్యాను. అసలు పేరు తెలియాలని సొంత ఖర్చుతో బోర్డు రాయించాను. ఆ బోర్డు కిందే నిలబడి, మాలీసు రూము ఎక్కడని నన్నే అడిగేవారు.

మాలీసు, అంటే మర్దన, ఒకటే పని కాదు. వేళ్ల కొసల నుంచి గుండె వైపు అరచేత్తో మెల్లగా నిమిరితే వాపు దిగుతుంది. కండను పట్టి పిసికితే బిగుతు సడలి, రక్తప్రసరణ పెరుగుతుంది. పాతబడిన బెణుకు మీద బొటనవేలితో అడ్డంగా రుద్దడం వేరు. అది కొత్త దెబ్బకు పనికిరాదు. దోసిలి బోర్లించి వీపు మీద తట్టడం రొమ్ములో పట్టిన కఫం కదలడానికి. ఏది ఎవరికి, ఎప్పుడు, ఎంత ఒత్తిడితో అన్నదే మా చదువు. డాక్టర్లు నాకు పంపే చీటీల మీద మాత్రం ‘మసాజ్’ అని ఒక్క మాటే ఉండేది. ఏ రకమో తెలుపగలరని రాసి తిప్పి పంపితే, ఏదో ఒకటి కానివ్వమని జవాబు వచ్చేది.

అటువంటి చీటీతోనే నారాయణరావుపేట నుంచి మల్లేశం వచ్చాడు. కల్లు గీసే మనిషి. తాటిచెట్టు మీది నుంచి జారి, కుడి మోచేతి కీలు తప్పి, ఎముక చిట్లింది. పిండికట్టు విప్పాక చేయి కర్రలా బిగిసిపోయింది. ఆ చేయి వంగకపోతే నడుముకు మోకు కట్టుకుని చెట్టెక్కలేడు; అతనికి మరో పని రాదు. వెంట తల్లి పోశవ్వ ఉంది. ఆమె చేతిలో కర్పూరం కలిపిన నువ్వుల నూనె సీసా ఉంది.

దెబ్బ తగిలిన మోచేతిని బలవంతంగా పిసికితే, కండలో చేరిన నెత్తురు గట్టిపడి ఎముకగా మారే ప్రమాదం ఉంది. అప్పుడు కీలు తాళం పడినట్లు అయిపోతుంది. అందుకే దాన్ని ఎవరూ ముట్టరాదని, నొప్పి లేనంత మేరకు అతడే వంచుకోవాలని చెప్పి, చేయించి చూపించాను. పోశవ్వ అంతా విని, కొడుకు వైపు తిరిగి, “చెయ్యి ముట్టకుండ గిదేం వైద్యంరా? సారుకు సర్కారు జీతం ఇస్తలేదా?” అంది.

మరుసటి వారం కోణమానినితో కొలిచాను. చేయి మునుపటి కన్నా తక్కువ వంగుతోంది. కీలు వెచ్చగా ఉంది. దగ్గరికి వంగితే కర్పూరం వాసన. ఎవరు పిసికారని అడిగితే మల్లేశం తల్లి వైపు చూశాడు. తల్లే ఒప్పుకుంది. కార్డు మీద ఎర్ర సిరాతో ‘మర్దన నిషేధం’ అని రాసి, పెద్దగా చదివి వినిపించి పంపాను. ఆ పై వారం అదే వాసన, అదే వేడి. నా మాట మీద నమ్మకం లేనప్పుడు బస్సు కిరాయి దండగ చేసుకోవద్దని కోపంగానే చెప్పాను.

పోశవ్వ గొంతు పెంచలేదు. “సారూ, మా వాడకట్టుల చెయ్యి ఇరిగినోనికి పొద్దుమాపు మాలీసు జరుగుతది. జరగకపోతే వీనికి తల్లి ఉన్నదా సచ్చిందా అని అడుగుతరు. కోడలి తల్లిగారోళ్లు చూడొస్తున్రు. వాళ్ల ముంగట నేను చేతులు ముడుసుకొని కూసోవాల్నా?”

విసుగుతోనే డ్రెస్సింగ్ గది నుంచి పుండ్లకు పూసే ఊదారంగు మందు తెప్పించాను. మోచేతికి పైన ఒక గీత, కింద ఒక గీత గీశాను. గీతల నడుమ వేలు కూడా పెట్టరాదు. పైన భుజం, కింద మణికట్టు, వేళ్లు ఆమెవి.

మల్లేశం చేయి చూసుకుని, “అవ్వా, నడిమిట్లది సర్కారు జాగ. ముట్టినవంటే కేసయితది,” అన్నాడు. పోశవ్వ వాని నెత్తి మీద ఒకటి వేసింది.

నా ముంజేతి మీదే ఆమెతో సాధన చేయించాను. పొలం పని చేసిన చేతులు, నిమరమంటే తోమేది. సాయంత్రం దాకా “మెల్లగా” అంటూనే ఉన్నాను. ఇన్నాళ్లూ మెడకు కట్టిన జోలెలో చేయి వేలాడి బిగిసిన అతని భుజం ఆ పిసుకుడుకు సడలింది. వేళ్ల వాపు దిగింది. గీతలు చెరిగినప్పుడల్లా వచ్చి మళ్లీ గీయించుకునేవారు. ఎవరూ ముట్టని మోచేయి చల్లబడి, అతని ప్రయత్నంతోనే కొంచెం కొంచెం వంగసాగింది.

పూర్తిగా చాపడం ఆ చేతికి మళ్లీ రాలేదు. అయినా తరువాతి కల్లు కాలానికి మల్లేశం మోకు కట్టి చెట్టెక్కాడు. దాని ఫలితం నేను అనుభవించాను. నారాయణరావుపేటలో చేయి విరిగినవారంతా నూనె సీసాలతో బస్సు దిగి, మల్లేశానికి చేసిన మాలీసే తమకూ చేయాలని పట్టుబట్టేవారు. అతని మోచేయి బాగుపడింది మాలీసు ఆపినందువల్లనే అని ఎంత చెప్పినా, తన చేతులతోనే నయమైందని పోశవ్వ చెప్పిందనేవారు. పదవీ విరమణ దాకా ఆ ఊరివారిని ఒక్కరినీ నమ్మించలేకపోయాను.

నేర్చుకున్నది ఒకటుంది. ఆ తరువాత ఏ కార్డు మీదా ఉత్త నిషేధం రాసి వదలలేదు. ఎక్కడ ముట్టవచ్చో, ఎవరు ముట్టాలో, ఎంత మెల్లగా ముట్టాలో మొదట రాసేవాణ్ణి. ఎక్కడ ముట్టరాదో దాని కింద రాసేవాణ్ణి.