తాటి మొండేల దగ్గర మోటారు ఆపండి

నందిగామలో మా టీచర్ గారు పోయారు. "ప్రభువునందు నిద్రించారు" అని చర్చి మైకులో చెప్పారు. చెప్పే పద్ధతి అదేనని తెలుసు. అయినా ఒప్పుకోబుద్ధి కాలేదు. మధ్యాహ్నం క్లాసులో మమ్మల్ని ఒక్క కునుకు తీయనివ్వని మనిషి, రిటైరయ్యాక కూడా పగలు నడుం వాల్చని మనిషి, నిద్రించడం ఏమిటి? సమాధుల తోట నుంచి వస్తుంటే రోడ్డు పక్కన ఫ్లెక్సీ కనపడింది. ఆవిడ ఫొటోకు అటొకటి ఇటొకటి తెల్ల హంసలు. మా నీళ్లలో తెల్ల హంసలు ఎప్పుడున్నాయి? ఏడుపు రావలసిన చోట కోపం వచ్చింది. ఇది ఆ కోపంతోనే రాస్తున్నా. చదివేవాళ్లు సర్దుకోండి.

తెలియనివాళ్ల కోసం చెప్తా. జగ్గయ్యపేట దాటి పోతే, డ్యామ్ వెనక కృష్ణ పెద్ద సరస్సులా పరుచుకుని ఉంటుంది. మునిగిపోయిన పొలాల్లో తుమ్మచెట్లు ఎండిపోయి నీళ్లలోనే నిలబడ్డాయి. వాటి మీద ఎర్రకాళ్ల కొంగలు గూళ్లు కడతాయి. టీచర్ గారు ఆదివారం ఆరాధన కాగానే బస్సెక్కి అక్కడికి వెళ్లేవారు. ఒక జాలరి బాబాయ్ పడవలో, వచ్చిన జనాన్ని తిప్పి పిట్టల్నీ నీటికుక్కల్నీ చూపించేవారు.

నేను మొదటిసారి అక్కడికి పోయింది చూడటానికి కాదు, ఆపటానికి. దొరికిన కరపత్రమల్లా చదివి, ఆ వేడిలో నేనూ ఒకటి రాసి జెరాక్సు తీయించి రేవుకు పట్టుకెళ్లా. విహారం పేరుతో నదిని అమ్ముతున్నారని అందులో రాశా. టీచర్ గారు కళ్లజోడు పైకి తోసి మొత్తం చదివారు.

"ఏమే విప్లవమ్మా, నది నది అని ఇన్నిసార్లు రాశావు. ఇందులో ఒక్క పిట్ట లేదు, ఒక్క చేప లేదు. ఎక్కు పడవ."

"నేనెక్కనండీ. ఇది వ్యాపారం."

"దిగాక తిడుదువు గాని. ముందు ఆ గెడ పట్టుకో. చేతులు ఖాళీగా ఉండబట్టే నీకు కాగితాలు పంచబుద్ధేస్తోంది."

జాలరి బాబాయ్ నవ్వాడు. ఆయనది అవతలి ఒడ్డు, తెలంగాణ. "పట్టుకో బిడ్డా. టీచరమ్మ పడవల ఊకె కూసునుడు ఉండదు."

నిజమే, ఉండేది కాదు. చిప్స్ ప్యాకెట్లు తెస్తే ఒడ్డు మీదే లాక్కునేవారు. ఆ కవరు చప్పుడు పిట్టలకు తుపాకీతో సమానమట. బదులుగా స్టీలు డబ్బాలో ఉడకబెట్టిన వేరుశనక్కాయలు పెట్టేవారు. పెళ్లికి వెళ్లినట్టు మెరిసే చీరలో ఎవరైనా వస్తే పాత దుప్పటి కప్పి కూర్చోబెట్టేవారు. "ఫొటో తర్వాత దిగుదువు గాని తల్లీ, ముందు నువ్వు కనపడకుండా ఉండు" అనేవారు. ఆ దుప్పటి కింద నుంచి చూసినవాళ్లే, లకుముకి పిట్ట నీళ్లలో పడి లేచినప్పుడు చిన్నపిల్లల్లా అరిచేవాళ్లు. అరిచిన నోటికి అడ్డంగా టీచర్ గారు చేతిలో గొడుగు పెట్టేవారు.

సరస్సు మధ్యలో రెండు తాటి మొండేలు నీళ్ల పైకి ఉంటాయి. గూళ్ల చెట్ల వైపు పోవాలంటే ఆ రెంటి మధ్యే దారి. ఎప్పుడూ అక్కడికి రాగానే మోటారు ఆపించి గెడలతో నడిపించేవారు. గూళ్లు కట్టే నెలల్లో అయితే ఆ మొండేలు దాటనిచ్చేవారే కాదు. ఎవరొచ్చినా అంతే. ఒకసారి విజయవాడ నుంచి వచ్చిన ఒక పెద్దమనిషి గట్టిగా పట్టుబట్టాడు. "ఇంత దూరం వచ్చామండీ. గూళ్లు చూడకుండా పోవాలా?"

"మీ ఇంట్లో పురుడు జరుగుతుంటే ఎవడో టికెట్ కొనుక్కొచ్చి కిటికీ తీస్తే ఊరుకుంటారా అండీ?"

ఆయన భార్య పకపకా నవ్వింది. ఆయన శనక్కాయలు ఒలుచుకుని తిన్నాడు.

"మరి అసలు జనాన్ని తేవడమే మానేయొచ్చు కదండీ" అని నేను తిరుగు దారిలో వాదించా. ఆవిడ కోప్పడలేదు. "జనం చూడని చోటును ఎవడు తవ్వుకుపోయినా జనానికి తెలీదే. చూపించాలి. ముట్టనివ్వకూడదు." నేను చదివిన కరపత్రాల్లో ఎక్కడా ఈ మాట లేదు.

ఇంటివాళ్లకు ధైర్యం చెప్పడానికి పెట్టిన ఆదరణ కూడికకు బోటు కాంట్రాక్టరొకాయన వచ్చాడు. పాటలయ్యాక మైకు అందుకున్నాడు. కొత్తగా రెండంతస్తుల బోటు తెచ్చాడట. దానికి మేడమ్ గారి పేరు పెడతాడట. ఆదివారం నుంచి పాటలు పెట్టుకుని సరాసరి గూళ్ల చెట్ల కిందికే తీసుకెళ్తాడట. "అదే మేడమ్ గారికి మనమిచ్చే నివాళి" అన్నాడు. జనం చప్పట్లు కొట్టారు. నాకు ఒళ్లు మండిపోయింది.

"ఆవిడ బతికుండగా ఆ మాట అనగలిగేవారా?" అంటూ లేచా.

"కూర్చోమ్మా. పెద్దల మధ్య..." అంటున్నాడు కాంట్రాక్టరు.

"నువ్వు కూర్చో నాయనా." ఆ మాట అన్నది ముందు వరసలో ఉన్న టీచర్ గారి అక్క. ఆవిడ లేవకుండానే అన్నారు. "బోటు నీది, నీ ఇష్టం. పేరు మా చెల్లెలిది. ఇవ్వను."

ఆదివారం ఆ బోటు పేరు లేకుండానే వచ్చింది. పాట మాత్రం అవతలి ఒడ్డు దాకా వినపడుతోంది. అప్పటికే జాలరి బాబాయ్ వాళ్లంతా మొండేల మధ్య పడవలు అడ్డంగా నిలిపి ఉన్నారు. నేను గెడ పట్టుకుని ముందు పడవలో నిలబడ్డా.

"అడ్డం తీయండి! నాకు పర్మిషన్ ఉంది!" అని కాంట్రాక్టరు కేకేశాడు.

"నీళ్ల మీద తిరగడానికిచ్చారు. గూళ్ల మీదికి పోవడానికి కాదు!" అని నేనూ కేకేశా.

పై అంతస్తు నుంచి ఒక పెద్దావిడ కిందికి వంగింది. "ఏంటమ్మాయ్, అక్కడేముంది?"

"గూళ్లలో పిల్లలున్నాయండీ. ఈ మోతకు తల్లులు లేచిపోతే గద్దలు ఎత్తుకుపోతాయి."

ఆవిడ వెనక్కి తిరిగింది. "ఏవయ్యా, ఆ పాట కట్టెయ్. పసిగుడ్లున్నాయంట."

పాట ఆగింది. కాసేపటికి మోటారూ ఆగింది. వచ్చే ఆదివారం మళ్లీ వస్తానన్నాడు కాంట్రాక్టరు. మేమూ వస్తామన్నాం. ఆ మాట అంటుండగానే ఒక ఎర్రకాళ్ల కొంగ తడి పుల్లొకటి ముక్కున కరుచుకుని, ఆ రెండంతస్తుల బోటు మీదుగా తక్కువ ఎత్తులో, తొందరేమీ లేనట్టు ఎగురుతూ వచ్చింది. పుల్ల నుంచి నీళ్లు పైఅంతస్తులో ఉన్నవాళ్ల ముఖాల మీద చుక్కలు చుక్కలుగా రాలాయి. ఎవరూ తుడుచుకోలేదు. అందరూ తలలెత్తి అది పోయేవైపే చూస్తున్నారు.