లాగే బరువు, మోసే బరువు

"నీ బరువెంతయ్యా, ఓర్వల్?"

అడిగింది మా ఊరి ధాన్యం గోదాము దగ్గర కాటా చూసే హెస్టర్. ఓర్వల్ టీగ్‌కి అరవై ఒక్కేళ్లు. ఇంత సూటిగా ఆ ప్రశ్న డాక్టరు కూడా వెయ్యలేదు. తన బండి బరువుల సంగతి మాత్రం ఎవరూ అడక్కుండానే చెబుతాడు. పద్దెనిమిది వేల రెండు వందల పౌండ్లు. అతని కొత్త పికప్ ట్రక్కు లాగగల బరువది. మంగలి షాపులో చెప్పాడు, చర్చి మెట్ల మీద చెప్పాడు, పినతల్లి అంత్యక్రియల భోజనంలో బంగాళాదుంపల సలాడ్ వడ్డించుకుంటూ కూడా చెప్పాడు.

ఓక్లహోమా పడమటి కొసన, మా కౌంటీలో, మగవాణ్ణి కొలిచే అంకె అదొక్కటే. పంట పోయినా, కాపురం కుంటినా, "లాగేస్తుందిలే" అనగలిగితే పరువు నిలుస్తుంది. అది మాకొక మతం. అన్ని మతాల్లో లాగే ఇందులోనూ పుస్తకం తెరిచి చదివినవాళ్లు తక్కువ.

ఓర్వల్ పంతొమ్మిదేళ్లు ఒకే పాత బండితో పశువుల్ని తోలాడు. వెనక జంట చక్రాలు, రబ్బరు నేల, చిరిగిన సీటు, చేత్తో తిప్పి దించే అద్దాలు. మొన్న వేసవిలో దాన్ని షోరూమ్‌లో ఇచ్చేసి కొత్తది తెచ్చాడు. గాజు పైకప్పు, నడుము మర్దించే సీట్లు, తలుపు తీయగానే దానంతటదే దిగే మెట్టు. నడుము నొప్పి కోసమేనని భార్య నడీన్‌కి చెప్పాడు. ముప్పై ఆరేళ్లుగా దూడలకు పాలు పట్టీ పట్టీ వంగిపోయిన ఆమె నడుము గురించి ఏ షోరూమూ అడగలేదు. పాత బండిని ఆ వారమే నడీన్ తమ్ముడు బర్ల్ కొనుక్కున్నాడు.

ఆ గురువారం నడీన్ పెంచిన పెయ్యలు పద్నాలుగూ పదకొండు గంటలకల్లా వేలానికి చేరాలి. మళ్లీ వేలం పండగలు దాటాకే. అప్పటిదాకా మేపడానికి గడ్డి లేదు. దారి డెబ్బై మైళ్లు, మధ్యలో నది లోయలోకి దిగే ఏటవాలు. పెయ్యల్ని ట్రైలర్‌లోకి ఎక్కించగానే కొత్త పికప్ వెనక్కి కుంగి, ముక్కు ఆకాశానికెత్తింది. "ముందు కాటా మీదికి పోనీ," అంది నడీన్.

"ట్రైలరూ పెయ్యలూ కలిపి పదిహేను వేల తొమ్మిది వందలు," అంది హెస్టర్.

"చూశావా! ఇంకో రెండు పెయ్యల్ని ఎక్కించినా లాగేస్తుంది."

"లాగుతుంది సరే. మోస్తుందా?"

హెస్టర్ డ్రైవర్ తలుపు తీసింది. మెట్టు వినయంగా కిందికి దిగింది. తలుపు వారన పసుపు చీటీ: మనుషులు, సామాను కలిపి 2,436 పౌండ్లు మించరాదు.

ఎద్దు ముప్పై బస్తాల బండిని లాగుతుంది కదా అని ఆ బస్తాలు దాని మూపున వెయ్యం. ఇంత చిన్న తేడాని మరిపించడానికే రంగుల బ్రోషర్లు పుట్టాయి. పైగా బ్రోషర్‌లో ఉన్న అంకె ఏ అలంకారమూ లేని బోసి బండిది. గాజు కప్పు, మర్దన సీట్లు, దిగే మెట్టు, ప్రతి సుఖమూ పసుపు చీటీని కాస్త కాస్త కొరికింది.

హెస్టర్ రెండోసారి తూచి తేల్చింది. "ట్రైలర్ మెడ నీ బండి వీపు మీద కూర్చుంది. అది మోపే బరువే మూడు వేల ఏడు వందలు. ఆపైన నువ్వు, నడీను, కుక్క, పనిముట్ల పెట్టె. అందుకే అడిగా."

"రెండు వందల ముప్పై," అన్నాడు ఓర్వల్.

"కాటా మీద నిలబడి అబద్ధమా?"

"రెండు వందల అరవై. బూట్లతో."

"ఆ మర్దన సీట్లు పీకేస్తే ఎన్ని పెయ్యలు పడతాయి, హెస్టర్?" అంది నడీన్.

"అర పెయ్య."

"మా నాన్న ఇంతకి రెట్టింపు లాగాడు! ఏ చీటీ చూశాడు?" అన్నాడు ఓర్వల్.

"లోయలో బోల్తా పడింది కూడా చెప్పవయ్యా," అంది నడీన్. "అవి నా పెయ్యలు. నీ అంకెతో పాటు వాటిని లోయలో దొర్లించను." వెంటనే తమ్ముడికి ఫోన్ చేసింది.

బర్ల్ పావుగంటలో వచ్చాడు. "ఏం బావా, సింహాసనం అలిసిపోయిందా?"

"నోర్ముయ్‌రా. కొక్కెం తగిలించు."

పాత బండి లాగే బరువు పదహారు వేల అయిదు వందలే. చర్చి మెట్ల మీద చెప్పుకోదగ్గది కాదు. కానీ దాని చీటీలో మోసే బరువు అయిదు వేల రెండు వందలు. నడీన్ తమ్ముడి పక్కన చిరిగిన సీట్లో కూర్చుంది. వెనకాల ఖాళీ పికప్‌లో, కుక్కతో, డెబ్బై మైళ్లూ నడుము మర్దన చేయించుకుంటూ ఓర్వల్ వచ్చాడు. పదిన్నరకి పెయ్యలు వేలం దొడ్లో దిగాయి. మంచి ధరే పలికాయి.

ఆ ఆదివారం చర్చి మెట్ల మీద ఎవరో కొత్త బండి ఎంత లాగుతుందని అడిగారు. పద్దెనిమిది వేల రెండు వందలన్నాడు ఓర్వల్.

బర్ల్‌కి ఇవ్వాల్సిన కిరాయి రెండు వందల పది డాలర్లు మాత్రం ఇంకా ఇవ్వలేదు.