మల్లెమొగ్గకూ గుండుకూ మధ్య నా జడ

ఆ రోజుల్లో పూలజడ అంటే పూలతోనే వేసేవారు. ఈ మాట విడమరిచి చెప్పాల్సిన కాలం ఒకటి వస్తుందని నేను కలలో కూడా అనుకోలేదు. మొన్న మా వీధిలో ఒక పిల్లకి అట్టపెట్టెలోంచి జడ తీసి తగిలించారు. గుడ్డపూలు, జిగురు, పైన ఇంత సెంటు! అద్దెకు తెచ్చారట, ఫొటోలు కాగానే మళ్లీ పెట్టెలో సర్దేశారు. నేను ఊరుకోలేక "ఏమ్మా, పక్కింట్లో మా మల్లెపందిరి విరగబూసి ఉంటే మీ కంటికి ఆనలేదా?" అని అడిగితే, "అవి తెల్లారేసరికి వాడిపోతాయి కదా తాతయ్యా" అంది ఆ తల్లి. వాడిపోతాయట! వాడిపోనిదాన్ని పువ్వని ఎవరన్నారు? (నేను బడిలో చదివింది ఐదో తరగతి. మిగతా చదువంతా కిరాణా కొట్టు పొట్లాలు విప్పి చదువుకున్నదే. అయినా ఈమాత్రం తెలుసు.) ఆ కోపంతోనే ఇంటికొచ్చి పందిరి కింద కూర్చుంటే, నా పూలజడ గుర్తొచ్చింది. అవును, నాదే.

మూడో ఏట నాకు ప్రాణం మీదికి వస్తే మా అమ్మ కోటప్పకొండ సామికి మొక్కుకుంది, ఎనిమిదో ఏడు వచ్చేదాకా నా తలకు కత్తెర తగలనివ్వనని. సామి నన్ను బతికించాడు గానీ బడి నన్ను బతకనివ్వలేదు. నడుము దాటిన జడతో పలక పట్టుకుని వెళుతుంటే "ఏమే, ఇయ్యాల పూలెట్టుకోలేదా?" అనేవాళ్లు మగపిల్లలు. నేను కలబడేవాణ్ణి. వాళ్లు జడ పుచ్చుకుని లాగేవాళ్లు. (జడ ఉన్నవాడు యుద్ధానికి పనికిరాడు, ఇది మాత్రం పొట్లాల్లో చదివింది కాదు.) అందుచేత ఈ లోకంలో నాకున్న కోరిక ఒక్కటే, గుండు.

దానికి అడ్డం వచ్చింది మా మేనత్త. నాన్నకు అక్క, మా వీధిలోనే చివరి ఇల్లు. నలుగురు కొడుకులు, ఒక్కొక్కడి జుట్టూ చీపురుకట్ట. ఆడపిల్ల లేదు. నాపరాళ్లు నిలబెట్టి కట్టిన ప్రహరీ లోపల కనకాంబరం, మరువం, దేశవాళీ గులాబీ, బావి పక్కన ఇంత మల్లెపొద పెంచింది. పూసిన పూలన్నీ ఊళ్లో ఆడపిల్లలకు పంచిపెట్టేది గానీ, తన చేత్తో జడ అల్లుకోవడానికి ఆ ఇంట్లో ఒక తల లేదు. ఆ తల నాదేనని ఆమె ఎప్పుడో ఖాయం చేసుకుంది. గుండు చేయించేలోపు నాకు పూలజడ వేసి, నరసరావుపేట స్టూడియోలో ఫొటో తీయించాలి. అంతే, ఇంకేం అక్కర్లేదు ఆమెకు. మాఘంలోనే మల్లెపొద ఆకంతా దూసేసి, నీళ్లు మాన్పించి మాడ్చింది. అట్లా మాడిస్తేనే తర్వాత నీళ్లు తగలగానే కసిగా మొగ్గ తొడుగుతుంది.

ఈలోపు నాన్న, తిరునాళ్ల జనం పలచబడ్డాక ఒక సోమవారం కొండకు పోదామన్నాడు. అత్త పరుగెత్తుకొచ్చింది.

"ఒరేయ్ తమ్ముడూ, ఒక్క వారం ఆగరా. అప్పటికి మొగ్గ బియ్యపుగింజంతే ఉంటది."

"సామి జుట్టక్కా అది! నీ మల్లెచెట్టు కోసం సామిని ఆగమంటావా?"

"ఇన్నేళ్లు ఆగినోడు వారం ఆగలేడా?"

"మిరపకాయలు కల్లంలో ఉండయ్యి. తర్వాత నాకు తీరికేడది?"

నేను మధ్యలో దూరి, "మొక్కు ఆలస్యమైతే కళ్లు పోతయ్యంట నాన్నా" అన్నాను.

"నీ తస్సాదియ్యా, నిన్నెవడడిగాడురా!" అంది అత్త. కానీ ఆమె గొంతు ఎప్పటిలా మోగలేదు.

ఆ మర్నాటి నుంచి పొద్దున్నే అత్త దొడ్లోకి వేగులవాడిలా వెళ్లేవాణ్ణి. మొగ్గలు ఎదగలేదని కళ్లారా చూసి నిశ్చింతగా ఉండాలని. వసంతమంటే కోయిల, మామిడి చిగురు అని రాసేవాళ్లు మా పల్నాడు ఎప్పుడైనా చూశారో లేదో నాకు తెలియదు. మాకు ఆ రోజుల్లో ఊరంతా మిరప ఘాటు, కాలికింద సుర్రుమనే రాయి. ఆ రాతిగోడ లోపల మాత్రం వేరే లోకం. మొన్నటిదాకా కట్టెపుల్లల్లా ఉన్న కొమ్మలకు ఎర్రెర్రగా చిగురు. చిగురు చివర పచ్చటి చుక్క. మర్నాటికి ఆ చుక్కకు తెల్లటి మొన. ఎవరు చెప్పారు వీటికి? మట్టి చూస్తే నల్లగా ఉంది, బావినీళ్లు చూస్తే ఉప్పగా ఉన్నాయి, ఈ తెలుపు ఎక్కణ్ణుంచి వచ్చింది? వంగి చూస్తూ ఉంటే బడి గంట కూడా వినపడేది కాదు. శత్రువు కోటలోకి వెళ్లిన వేగులవాడు అక్కడే నోరు తెరుచుకుని నిలబడిపోతే ఎట్లా ఉంటుందో, నేను అట్లా ఉన్నాను. (బడి పంతులు అదే మాట బెత్తంతో అడిగాడు.)

కొండకు పోవాల్సిన సోమవారం రేపనగా, నాకే తెలియకుండా నా నోట్లోంచి మాట జారింది. "నాన్నా, వచ్చే సోమవారం పోదాం."

నాన్న నోట్లో చుట్ట తీసేశాడు. "నిన్నటిదాకా గుండు గుండని నేల మీద పొర్లావు గదరా!"

"మొగ్గలు... ఇంకా కొంచెమే ఉంది నాన్నా."

"అక్కా!" అని వీధి చివరిదాకా వినపడేట్టు కేకేశాడు నాన్న. "నీ చెట్టు వీణ్ణి కూడా కలిపేసుకుందే! ఇంక నేనొక్కణ్ణి ఏం జేసేది?"

వారం గడిచి ఆదివారం వచ్చింది. అత్త పొద్దున్నే మొగ్గలు కోసింది. అరటిపట్ట మీద వరసగా కుట్టి, మధ్య మధ్య కనకాంబరం, మరువం పెట్టి నా జడకు బిగించింది. పరికిణీ కట్టేటప్పుడు నేను ఒక్కటే షరతు పెట్టాను, లోపల నిక్కరు ఉండాలని. స్టూడియో ఆయన "పాపా, తల కొంచెం వంచమ్మా" అన్నాడు. "నేను పాపని కాదు!" అని నేను అరిస్తే, అత్త నడుం మీద గిల్లి, "మా పాపకి సిగ్గెక్కువండీ" అంది. వెనక నిలువుటద్దం పెట్టారు. వాలుగా తిరిగి చూశాను. పుట్టాక మొదటిసారి నా వీపు నాకు కనపడింది. మెడ నుంచి నడుం దాకా అత్త తోట.

తిరుగు బస్సులో మిరపకోతల నుంచి వచ్చే కూలీలు ఎక్కారు. ఘాటుకు బస్సంతా తుమ్ములు, దగ్గులు. సరిగ్గా అప్పుడు, పొద్దుగూకే వేళకు, నా వీపు మీద మొగ్గలు విచ్చుకోవడం మొదలుపెట్టాయి. మెడ దగ్గర చల్లగా ఏదో కదిలినట్టయింది. ఒక్కొక్కరే తుమ్మడం ఆపి తలతిప్పారు. "బిడ్డ జడ నలుగుద్ది, జరగండే" అంది ఒకామె, నాకు తన సీటిచ్చి నిలబడి. నేను ఆడపిల్లని కానని చెప్పాలనిపించలేదు. ఊపిరి గట్టిగా పీలిస్తే ఎక్కడ రాలిపోతాయోనని ఊరొచ్చేదాకా కదలకుండా కూర్చున్నాను.

తెల్లవారి కొండ మీద జుట్టు తీసే ఆయన కత్తి ఆపి, "ఇదేందమ్మా, తలంతా మల్లెల వాసన!" అన్నాడు. ఏళ్ల తరబడి గుండు కోసం ఏడ్చినవాణ్ణి, గుండు అయ్యాక ఏడ్చాను. అత్త నా నున్నటి తల నిమిరి, "ఏడవమాకురా. మల్లెచెట్టుకి ఆకు దూశాం గదా, అట్లా అనుకో. మళ్లా వస్తది" అంది.

వచ్చింది. నలభై దాటాక దానంతట అదే పోయింది. ఎన్ని నీళ్లు పోసినా ఇక చిగురించలేదు. మల్లె మాత్రం ఏ ఏడూ మాట తప్పలేదు. మా పందిరి అత్త పొద కొమ్మను మట్టిలో తొక్కి తెచ్చిన అంటుమొక్కే. ప్రతి మాఘంలో నేనే ఆకు దూస్తాను, మొదటి మొగ్గకు ఇప్పటికీ నోరు తెరుచుకుని నిలబడతాను. ఫొటో మా వసారాలో ఉంది. ఇంటికొచ్చినవాళ్లు నా బట్టతల చూస్తూనే అటు తిరిగి, "ఈ పాప ఎవరండీ, ఎంత బాగుందో!" అంటారు.

"మా మేనత్త కూతురు. ఆమెకి ఒక్కతే" అంటాను.