భానుప్రకాశ్ పేరున ప్రియాంక పని

లాల్‌గడి మలక్‌పేట్‌లో మైసయ్య ఇంట్లో పని చేసేది కూతురు ప్రియాంక, పేరొచ్చేది కొడుకు భానుప్రకాశ్‌కు. కొత్త వెంచర్లలో ప్లాట్లు చూపించి కమీషన్ తీసుకునే ఈ భానుప్రకాశ్‌కు కంప్యూటర్‌లో వచ్చిందల్లా సినిమాలు చూడడం. అలాంటివాడు లోకం దృష్టిలో గొప్ప ప్రోగ్రామర్ అయ్యాడంటే అంతా తండ్రి పుణ్యమే.

డిగ్రీలో కంప్యూటర్లు చదివిన ప్రియాంక, సిగ్నల్ అందని చోట కూడా దారి చూపే ఒక ఉచిత మ్యాప్ యాప్‌ను బాగుచేస్తుండేది. దాని కోడ్ అందరికీ కనిపిస్తుంది, తప్పులుంటే ఎవరైనా సరిదిద్దవచ్చు. కులం అడగం, దేశం అడగం, మా తలుపులు తెరిచే ఉన్నాయని దాన్ని నడిపే పెద్దమనుషులు గొప్పగా రాసుకున్నారు. ఆ తలుపు దాకా రావాలంటే ల్యాప్‌టాప్ ఉండాలని, కూలి రాని పనికి తీరిక ఉండాలని వాళ్ళకెవరు చెప్పాలి? ఇంట్లో ఉన్న ఒక్క ల్యాప్‌టాప్ అన్న సొత్తు. అతను ప్లాట్ల మీదికి పోతేనే ఆమె చేతికొచ్చేది. పైగా ఆడపిల్ల పేరు నెట్‌లో కనబడితే సంబంధాలు రావని మైసయ్య పట్టుబట్టి, ఖాతా కొడుకు పేరున తెరిపించాడు.

కొన్నాళ్ళకు ఆ పెద్దమనుషులకు పని తెగ నచ్చింది. ఏడాదిపాటు జీతమిస్తాం, వీడియోలో ఓసారి మాట్లాడదామని భానుప్రకాశ్‌కు కబురు పెట్టారు. ఆ జీతం వస్తే ప్రియాంక దూలపల్లి ఫ్యాక్టరీలో డబ్బాలకు లేబుళ్ళు అంటించే పనికి పోనక్కర్లేదు. ఆమె ఆశంతా దానిమీదే.

"అన్న కూసుంటడు. నువ్వు పక్కపొంటి ఉండి సెప్పు," అన్నాడు మైసయ్య, చిక్కంతా తీరిపోయినట్టు.

భానుప్రకాశ్ ఇస్త్రీ చొక్కా తొడిగి కెమెరా ముందు మహా మేధావిలా కూర్చున్నాడు. ఫలానా మార్పు ఎందుకు చేశారని వాళ్ళు అడిగారు. అతను చెల్లెలి వైపు గుడ్లప్పగించి చూశాడు. ప్రియాంకకు ఒళ్ళు మండింది. ల్యాప్‌టాప్ తనవైపు తిప్పుకుని, పని తనదని, పేరు మాత్రమే అన్నదని వచ్చీరాని ఇంగ్లీషులో చెప్పింది. అడిగిన ప్రతిదానికీ జవాబిచ్చింది. వాళ్ళు చిరునవ్వుతో విన్నారు.

వారం తిరగకముందే ఉత్తరువు వచ్చింది. వేరేవాళ్ళ పేరుతో పనిచేయడం నిబంధనలకు విరుద్ధమట. జీతం కుదరదట. కావాలంటే సొంత పేరుతో మళ్ళీ మొదటినుంచి మొదలుపెట్టవచ్చట. ఆమె రాసిన కోడ్ మాత్రం యాప్‌లోనే ఉంటుందట, దానికి ఏ నిబంధనా అడ్డు రాలేదు. ఇంతకంటే మర్యాదగా ఎవరూ దోచుకోలేరు.

"నా పేరు ఖరాబ్ జేసినవ్ గదనే," అన్నాడు భానుప్రకాశ్. పాపం, నిజంగానే బాధపడ్డాడు.

ప్రియాంక లేబుళ్ళ పనికి కుదిరింది. తొలి సెలవునాడు శామీర్‌పేట్ నెట్ సెంటర్‌కు పోయి, కొత్త ఖాతా తెరవాలి, కంప్యూటర్ ఇమ్మంది. ఆడపిల్లలొస్తే అలవాటుగా అడిగే మాటే సెంటర్ నడిపే గండయ్య అడిగాడు: నాయిన పేరు మీదనా, అన్న పేరు మీదనా?

"నా పేరు మీద," అంది ప్రియాంక.