నొసటి మీది పులి రూపాయి

ఆ కబురు మొదట తెచ్చింది యాదమ్మక్క. కృష్ణానగర్‌లో మా పక్క వాటాలో ఉంటుంది, షూటింగులకు జూనియర్ ఆర్టిస్టుగా వెళుతుంది. ఆ రోజు నేను పారాయణం ముగించి లేస్తుంటే ఫోను పట్టుకుని గడపలో నిలబడింది.

"చెల్లె, నీ కాడ పులి బొమ్మ రూపాయి ఉండె గదా. అసొంటిది లచ్చలు పలుకుతదంట. జర చూడు."

చూశాను. ఎవరో ఒకాయన పాత నాణేలు వరుసగా పేర్చి ఒక్కోదానికి ధర చెబుతున్నాడు. పులి రూపాయికి ఆయన చెప్పిన ధర వస్తే మావారి గుండె ఆపరేషన్ అయిపోతుంది.

ముందే ఒక మాట చెప్పుకోవాలి. నేను బడికి వెళ్లలేదు. ద్రాక్షారామంలో మా నాన్నగారు ఇంట్లోనే కూర్చోబెట్టి చదువు చెప్పారు. దేవుణ్ణి నమ్ముతాను. దయ్యాలనూ శకునాలనూ ఏనాడూ నమ్మలేదు. జరిగింది జరిగినట్టు రాస్తున్నాను, అంతే.

మావారు భీమేశ్వరరావు. వేషాల కోసం ఊరు వదిలి వచ్చారు గానీ మాటలున్న వేషం ఒక్కటీ రాలేదు. ఊపిరి బిగబట్టి కదలకుండా పడుకోగలరని శవం వేషాలకు పిలిచేవారు. మాకు అన్నం పెట్టిన పని. దానికి ఇప్పటికీ దణ్ణం పెట్టుకుంటాను.

ఆ వేషానికి ఒక ఆనవాయితీ ఉంది. షాట్ అవగానే కీడు తగలకుండా గుమ్మడికాయ కొట్టి, పడుకున్న మనిషిని లేపి, నవ్వించి ఫోటో తీస్తారు. అది తీయకుండా ఇంటికి పంపరు. షేక్‌పేట దగ్గర ఒక పాత ఇంట్లో షూటింగ్ జరిగిన రోజు మాత్రం పెద్ద వాన పట్టుకుంది. లైట్లు తడుస్తాయని హడావిడిగా అంతా సర్దేశారు. ఫోటో సంగతి ఎవరికీ గుర్తు లేదు.

అది పాతకాలం కథ. అందుకని ఆయన నొసట తెల్లదొరల నాటి నిజమైన పులి రూపాయే పెట్టారు. చెమటకు జారిపోకుండా మేకప్ చేసేవాడు దాని వెనక, ఇంగ్లండు రాజు బొమ్మ ఉన్న వైపు అడ్డదిడ్డంగా గీరి జిగురు పూశాడు. ఆయన దాన్ని జేబులో వేసుకుని తడుస్తూ ఇంటికి వచ్చారు.

"నవ్వించడం మర్చిపోయారే ఇవాళ," అని నవ్వుతూనే నా చేతిలో పెట్టారు.

మర్నాడు తిరిగి ఇవ్వబోతే అక్కడ ఎవరూ తీసుకోలేదట. దేవుడి పటాల ముందు పళ్లెంలో ఉంచాను.

కొన్నాళ్లకు ఆయాసం మొదలైంది. గుండె కవాటం మార్చాలన్నారు. ఆ డాక్టరు గారు నాకు అర్థమయ్యేదాకా బొమ్మ గీసి చెప్పారు, చల్లగా ఉండాలి. మా ఆరోగ్య కార్డు ఊరి చిరునామాతో ఉంది, ఇక్కడ చెల్లలేదు. ఫోటో తీయని ఆ వానకీ ఈ జబ్బుకీ నేను ముడి పెట్టను. వాన వాన, జబ్బు జబ్బు.

ఫోనులో ధర చెప్పిన మనిషితో యాదమ్మక్క ఒకసారి మాట్లాడిందట, ఆ తర్వాత దొరకలేదు. అందుకే నేనూ యాదమ్మక్కా కోఠీలో పాత నాణేలు కొనే దుకాణానికి వెళ్లాం. దుకాణదారు భూతద్దం పెట్టి అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఫోన్లల్ల చూసి రోజూ వస్తనే ఉంటరమ్మా. ఇవి లెక్కలేనన్ని కొట్టిండ్రు. మంచిగుంటే ఒక పూట భోజనం పైసలొస్తయి. గీతలు పడ్డదాన్ని ఎవరూ ముట్టరు."

"మరి గా ఫోన్లోడు లచ్చలిస్త అన్నడు గద సేటూ," అంది యాదమ్మక్క.

"ముందుగాల ఫీజు కట్టమన్నడా?"

ఆమె ఫోను కొంగు కింద దాచుకుంది.

"కట్టినవా?"

తల దించుకుంది. అప్పుడు చూశాను, ఆమె కాళ్లకు పట్టీలు లేవు. నాకు చెప్పకుండా తాకట్టు పెట్టి ఆ డబ్బు వాడికి పంపిందట. నిజం చెప్పిన ఆ దుకాణదారుకు దణ్ణం పెట్టి బయటికి వచ్చాం.

తిరిగి వస్తూ ఫిలింనగర్ గుట్ట మీది గుడిలో ఆగాం. రూపాయిని హుండీలో వేశాను. అడుగున పడిన చప్పుడు ఇద్దరం విన్నాం.

"మనుషులు కొనకపోతే దేవునికి అంటగట్టినవా," అంది యాదమ్మక్క. ఇద్దరం కాస్త నవ్వుకున్నాం. ఆ తర్వాత నవ్వుకున్న గుర్తు లేదు.

ఆ వారంలోనే, ఒక ఉదయం, ఆసుపత్రిలో మావారు పోయారు. తెచ్చి సందులో పడుకోబెట్టారు. యాదమ్మక్కే కిరాణా కొట్టు నుంచి రూపాయి బిళ్ల తెచ్చి, కుంకుమ అద్ది నొసట పెట్టింది. నేను తల దగ్గర కూర్చుని ఉన్నాను. కళ్లు తుడుచుకుని చూశాను.

ఇప్పటి రూపాయి చిన్నది. ఆయన నొసట ఉన్నది పెద్దది. పైన పులి ఉంది.

తీసి తిప్పి చూశాను. అవే గీతలు. గీతల్లో ఎండిన జిగురు. యాదమ్మక్కకు చూపించాను.

"నేను పెట్టింది కొత్త బిళ్లనే చెల్లె. నీ పానం మీద ఒట్టు."

కిరాణా కొట్టాయన అక్కడే ఉన్నాడు. తానిచ్చింది కొత్త బిళ్లేనన్నాడు. దాన్ని మళ్లీ మావారి నొసటే పెట్టాను. ఆయనతోపాటే శ్మశానానికి వెళ్లిపోయింది.

కర్మలయ్యాక గుడికి వెళ్లి అడిగాను. హుండీ సీలు ఇంకా తీయలేదన్నారు. తీసిన రోజు నన్ను పిలిచారు, ఆ మంచితనం మరువలేను. అందులో పులి రూపాయి లేదు.

అలాంటి నాణెం ఇంకొకటి ఉండొచ్చు. అవే గీతలతో ఎలా ఉంటుందో, ఎవరు పెట్టారో నాకు తెలియదు. దేవుణ్ణి అడుగుతూనే ఉన్నాను. యాదమ్మక్క కాళ్లు ఇప్పటికీ బోసిగానే ఉన్నాయి.

మావారి పేరు ఏ సినిమాలోనూ పడలేదు. ఎప్పుడైనా తెర మీద నొసట రూపాయితో ఒక మనిషి కదలకుండా పడుకుని కనిపిస్తే, భీమేశ్వరరావు అని ఒక్కసారి తలుచుకోండి. వీలైతే ఆయన లేచి నవ్వినట్టు కూడా అనుకోండి.