ఖంగుమనే బొగ్గు

కొమరోలు పక్కన సర్కారు తుమ్మ కొట్టి బొగ్గు కాల్చే కోటమ్మకు కోపం రాగా చూసినవాళ్లు లేరు. ఇరవై ఏళ్లుగా పొగలో నిలబడి దగ్గు తెచ్చుకుందే తప్ప ఎవరినీ పల్లెత్తు మాట అనలేదు. బట్టీకి మట్టి మెత్తి, ఐదు రోజులు కాపు కాసి, విప్పాక ప్రతి ముక్కనూ రాతి మీద కొట్టి చూస్తుంది. నడిమి మంటలో బాగా కాలిన ముక్క ఖంగుమంటుంది. అంచుల్లో సగం కాలినది దబ్బుమంటుంది. రెండింటినీ ఏనాడూ ఒక సంచిలో కలపలేదు. గిద్దలూరు హోటళ్లవాళ్లు కోటమ్మ సంచిని మూతి విప్పి చూడకుండానే దించుకుంటారు. ఆమె సంపాదించుకున్నది ఆ నమ్మకమే.

ఆ శీతాకాలం గిద్దలూరులోని ఒక డిగ్రీ కాలేజీ కెమిస్ట్రీ లెక్చరర్ మహేష్ బట్టీ దగ్గరికి వచ్చాడు. మందార పువ్వు రంగు పట్టించిన గాజు మీద ఎండ పడితే కరెంటు పుట్టే సోలార్ సెల్ చేస్తున్నాడట. ఎదురు గాజుకు ప్లాటినం పూత కావాలి. అంత ఖరీదు పెట్టలేక, బదులుగా బొగ్గు పూస్తాడట.

"అత్తా, నీ బొగ్గుతో కరెంటు పుట్టిద్దాం" అన్నాడు.

కోటమ్మ మురిసిపోయి రెండు సంచులు చూపింది. "ఇది నడిమిది సారూ, ముక్కలు చిన్నయి గానీ మంచిది. అది అంచుది. ఇస్త్రీ పెట్టెలకు పోతాది."

మహేష్ చూపు అంచు సంచిలోని విరగని నిలువు బొగ్గు కట్టెల మీద పడింది. "ఇదే బాగుంది. ఆ నూకలు నాకెందుకు?"

"అది వద్దు సారూ."

"మాకు తెలుసులే అత్తా" అని అదే బైకుకు కట్టుకుని పోయాడు.

సైన్స్ డే నాడు కోటమ్మను పిలిచి ముందు వరసలో కూర్చోబెట్టారు. సెల్‌లను ఎండలో పెట్టి క్యాలిక్యులేటర్ తగిలిస్తే ఒక్క అంకె కూడా పడలేదు. మహేష్ చెమట తుడుచుకుని మైకు అందుకున్నాడు.

"మా ప్రయోగంలో లోపం లేదు. ఈ బొగ్గులోళ్లు కల్తీ సరుకు అంటగట్టినారు."

జనం గొల్లుమన్నారు. "ఏందత్తా, మాకూ ఇట్లాంటిదే పోస్తన్నావా?" అని వెనక నుంచి హోటల్ రాజేష్ అరిచాడు.

కోటమ్మకు ఒళ్లు మండింది. గేటు దగ్గర ఆటోలో రాజేష్‌కు దించాల్సిన సంచి ఉంది. అందులోంచి ఒక ముక్క తెచ్చి మహేష్ ముందు బల్ల మీద కొట్టింది. ఖంగుమంది. అక్కడే మిగిలి ఉన్న అతని బొగ్గు కట్టెను కొట్టింది. దబ్బుమంది.

"బట్టీ కాడ అత్తనా, మైకు కాడ బొగ్గులోళ్లమా? మీటరు పెట్టి చూడు! బోరు మోటారుకు మెకానిక్కు పెట్టేదే గదా, నాకు తెల్వదనుకుంటివా?"

మహేష్ మీటరు తీశాడు. కట్టెకు పెడితే అంకె కదల్లేదు. ఖంగుమన్న ముక్కకు పెడితే చకచకా దిగి చిన్న సంఖ్య దగ్గర నిలిచింది. అంకె ఎంత చిన్నదైతే కరెంటు అంత బాగా పారుతుంది. సగం కాలిన బొగ్గులో కరెంటు సరిగా పారదనేది అతను పిల్లలకు చెప్పే పాఠమే. పూసే ముందు కొలవాలని మాత్రం తోచలేదు.

"పొరపాటైంది అత్తా" అన్నాడు గొంతు తగ్గించి.

"నా చెవిలో చెప్తావేంది? మైకులో గదా అన్నావు!"

మైకు అతని చేతిలో పెట్టి కదలకుండా నిలబడింది. చెప్పాడు. వెనక వరసకు వినబడలేదని ఇంకోసారి చెప్పించింది.

రాజేష్ నవ్వుతూ ఆటో దగ్గరికి వచ్చి సంచి మీద చెయ్యి వేశాడు. కోటమ్మ ఆ చేతిని తోసేసి మూతి తాడు లాగింది.

"ఒక్కో ముక్కా కొట్టి చూసుకో. ఇయ్యాల్టి నుంచి చూసుకునే దించుకోవాల!"